ముందుమాట: తలుపు లోపలి పని

ఈ పుస్తకంలో మొదటి మూడు అధ్యాయాల్లో మోటారు ఊసే లేదు. నాకు పుస్తకం నచ్చడానికి మొదటి కారణం అదే. పాత ట్రక్కుకు పవర్ విండోలు పెట్టుకోవాలని ఉబలాటపడే మనిషి ముందుగా మోటారు బొమ్మ కోసమే పేజీలు తిప్పుతాడు. ఇక్కడ అతనికి మొదట ఎదురయ్యేవి తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలు, వాటిలో పేరుకున్న మట్టి, అద్దం జారే ఛానెల్‌లో ఎండి గట్టిపడిపోయిన ఫెల్ట్. రచయిత పాఠకుణ్ని అక్కడే ఆపుతాడు. చేతులకు మురికి అంటించుకున్నాకే ముందుకు పోనిస్తాడు.

నా ఉద్యోగ జీవితమంతా మిషిగన్‌లో, కార్ల తలుపుల లోపలి సామాను తయారుచేసే చోట్లే గడిచింది. కొత్తగా చేరిన కుర్రాళ్లకు నేను పదే పదే చెప్పిన మాట ఒకటుంది: బిగుసుకుపోయిన అద్దానికి మోటారు మందు కాదు. చేత్తో తిప్పేటప్పుడు ఆ బిగువు మన భుజానికి తెలుస్తుంది, ఎక్కడో పట్టేస్తోందని ఆగుతాం. మోటారు ఆగదు. పళ్లు అరిగేదాకా, లోపలి తీగచుట్ట మాడేదాకా లాగుతూనే ఉంటుంది. ఈ రచయిత పెట్టిన పరీక్ష చూడండి. అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్‌ను విడదీసి, అద్దాన్ని రెండు చేతులతో పైకెత్తి, మెల్లగా వదలమంటాడు. దారి పొడుగునా ఒకే తీరుగా, తన బరువుకే జారితే తలుపు సిద్ధంగా ఉన్నట్టు. ఎక్కడైనా నిలబడిందా, మోటారు పెట్టెను మళ్లీ అటక మీద పెట్టి, ఛానెల్ మార్చుకుని రమ్మంటాడు. ఇంత కచ్చితంగా చెప్పేవాళ్లు తక్కువ.

రచయిత మా స్నేహితుడి కొడుకు, నన్ను బాబాయి అని పిలుస్తాడు. టెక్సస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సెలవు రోజుల్లో అతని లోకమంతా గరాజ్‌లో ఉన్న 1972 షెవ్రొలే సీ-10. 1967 నుంచి 1972 దాకా వచ్చిన ఆ తరం పికప్‌లను అమెరికాలో పాతబండ్ల ప్రేమికులు నెత్తిన పెట్టుకుంటారు. ఒకనాడు పొలానికి ఎరువు, పశువులకు గడ్డి మోసిన బండ్లు ఇవాళ రంగులద్దుకుని ప్రదర్శనల్లో నిలబడుతున్నాయి. ఆ ఆరేళ్లలోనూ ఫ్యాక్టరీ వాటికి పవర్ విండోలు ఇవ్వలేదు. 1973లో బండి ఆకారం పూర్తిగా మారాక కూడా, అదనంగా డబ్బు కట్టి వాటిని పెట్టించుకునే వీలు 1977లో గాని రాలేదు. కార్లలో మాత్రం అది అప్పటికే పాత ముచ్చట. 1940లోనే ప్యాకార్డ్ తన ఖరీదైన కార్లలో ద్రవం ఒత్తిడితో అద్దాలు ఎత్తించింది. ఆ తరహా ఏర్పాట్లలో గొట్టాలు కారితే తలుపు రంగు పాడయ్యేది. 1951లో క్రిస్లర్ ఇంపీరియల్ పూర్తిగా కరెంటు మోటార్లతో వచ్చింది. పికప్ ఎక్కేవాళ్లు పనివాళ్లు, చెయ్యి తిప్పుకోగలరు కదా అన్న లెక్కతోనే కాబోలు ఆ సుఖం ట్రక్కుల దాకా రావడానికి అంత కాలం పట్టింది.

అందరికీ చెయ్యి తిరగదు. సీ-10లో ముగ్గురు కూర్చునే వెడల్పాటి బెంచి సీటు. బెల్టు పెట్టుకున్న డ్రైవరుకు కుడివైపు హ్యాండిల్ అందనే అందదు. ఇతని బండిలో ఏసీ లేదు, పైగా టెక్సస్ ఎండ. "అమ్మకు భుజం పైకి లేవట్లేదు బాబాయ్. పక్కన కూర్చుంటే అద్దం దించుకోలేకపోతోంది, నేను ప్రతిసారీ బండి ఆపి అటు తిరిగి వెళ్లి దించుతున్నాను" అని అతను ఫోన్‌లో చెప్పాడు. ఈ పుస్తకం అక్కడి నుంచి పుట్టింది. షోకు కోసం పుట్టలేదు. ఆ తేడా ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది: కుడి తలుపుకు సంబంధించిన ప్రతి నిర్ణయంలోనూ అక్కడ కూర్చునే మనిషిని తలుచుకుంటూ రాశాడు.

నాలుగో అధ్యాయం పుస్తకానికి గుండెకాయ. తలుపు లోపల ఏం జరుగుతుందో బండి నడిపేవాళ్లలో చాలామందికి తెలియదు. హ్యాండిల్ తిప్పితే చిన్న పళ్లచక్రం తిరుగుతుంది. అది విసనకర్ర ఆకారంలో ఉండే పెద్ద పళ్లపలకను కదుపుతుంది. ఆ పలకకు బిగించిన పొడుగాటి చేతి చివర రోలర్ ఉంటుంది. అది అద్దం అడుగు పట్టీలో జారుతూ అద్దాన్ని ఎత్తుతుంది. అద్దం అంటే తేలిక అనుకుంటాం. చదరపు మీటరు అద్దం ప్రతి మిల్లీమీటరు మందానికీ రెండున్నర కిలోలు తూగుతుంది. అయిదు మిల్లీమీటర్ల మందంతో, చదరపు మీటరులో మూడో వంతు ఉన్న అద్దం నాలుగు కిలోలు దాటుతుంది. ఆ బరువును మోయడానికి సాయంగా రెగ్యులేటర్‌లో ఒక చుట్ట స్ప్రింగ్ ఉంటుంది. అద్దం దిగేటప్పుడు అది బిగుసుకుంటుంది, ఎక్కేటప్పుడు విప్పుకుంటూ ఎత్తి పెడుతుంది.

ఆ స్ప్రింగ్ గురించి రచయిత ఒక పేజీ అంతా ఎర్ర అక్షరాల్లో అచ్చు వేయించాడు. అది చాలా మంచి పని. రెగ్యులేటర్ నుంచి మోటారును ఊడదీసే ముందు పళ్లపలకకూ వెనక రేకుకూ కలిపి ఒక బోల్టు బిగించాలి. అది మరిచిపోతే పళ్ల పట్టు వదలగానే స్ప్రింగ్ ఒక్కసారిగా విడివడి ఆ ఇనుప చేతిని విసిరికొడుతుంది. మధ్యలో వేలుంటే వేలు తెగుతుంది. పాతసామాను కొట్లలో ఇంకో బండి తలుపు నుంచి రెగ్యులేటర్ విప్పి తెచ్చుకునేవాళ్లు ఈ పేజీని రెండుసార్లు చదవాలి.

చిన్న చిన్న కిటుకుల్లోనూ అతని చేతి అనుభవం కనిపిస్తుంది. హ్యాండిల్ వెనక దాక్కున్న వంపు క్లిప్‌ను తియ్యడానికి ప్రత్యేక పనిముట్టు లేకపోతే, పాత గుడ్డపేలికను హ్యాండిల్ వెనకగా దూర్చి అటూ ఇటూ లాగమంటాడు. క్లిప్ కొసలు పేలికకు తగులుకుని బయటికి వస్తాయి. ఎగిరి ఎక్కడో పడిపోకుండా ఇంకో చేతిని అడ్డం పెట్టమని కూడా రాశాడు.

మోటారు పెట్టే పద్ధతుల్ని అతను పక్షపాతం లేకుండా తూచాడు. హ్యాండిల్ ఉండే ఇరుసుకే మోటారును తగిలించి, పాత రెగ్యులేటర్‌ను అలాగే తిప్పించే కిట్లు చవక, తొందరగా అయిపోతాయి. కానీ యాభై ఏళ్లు అరిగిన పళ్ల మీదే భారం పడుతుంది. మోటారుతో కలిపి కొత్త రెగ్యులేటర్ వేసుకోవడం ఖరీదైన దారే అయినా అతని మొగ్గు అటే, నా మొగ్గూ అటే. మోటారు గేరు పెట్టెలో వార్మ్ అనే మరలాంటి ఇరుసు ఉంటుంది. మోటారు తిరిగితేనే అది గేరును తిప్పుతుంది, అద్దం మీద నుంచి నెడితే కదలదు. స్విచ్ వదిలాక అద్దం జారకుండా నిలిచేది దానివల్లే.

ఒక్క చోట మాత్రం రచయితతో నాకు పేచీ ఉంది. పెద్దవాణ్ని కాబట్టి దాచకుండా చెప్పాలి. పాత హ్యాండిల్‌నే స్విచ్‌గా మార్చే ఏర్పాటు ఒకటుంది. హ్యాండిల్‌ను కాస్త ఇటు నొక్కితే అద్దం ఎక్కుతుంది, అటు నొక్కితే దిగుతుంది, వదిలితే మధ్యకు వస్తుంది. తలుపు చూడ్డానికి 1972లో ఉన్నట్టే ఉంటుంది. అతనికి అది ఎంతో ఇష్టం, పుస్తకంలో మురిసిపోయి రాశాడు. ఆ అందాన్ని నేను కాదనను. కానీ కిటికీలోంచి తల బయటపెట్టిన పసివాడి మోకాలు ఆ హ్యాండిల్ మీద పడితే? అమెరికాలో పిల్లలు ఇలాగే స్విచ్‌ల మీద మోకాలు పెట్టి, అద్దం మెడకు బిగుసుకుని చనిపోయారు. అందుకే 2004లో జాతీయ రహదారి భద్రతా సంస్థ పొరపాటున నొక్కుకోని స్విచ్‌లుండాలని నియమం తెచ్చింది. 2005లో కాంగ్రెస్ చేసిన చట్టం మరో అడుగు ముందుకు వేసి, వేలితో పైకి లాగితేనే అద్దం మూసుకునే స్విచ్‌లు కావాలంది. ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 118 అనే ప్రమాణం ఇంకో మంచి సంగతి చెబుతుంది. తాళం తిప్పనిదే అద్దం పైకి లేవకూడదు. తాళం ఆపాక కూడా ముందు తలుపు తెరిచేదాకానే ఆ వీలుండాలి. ఈ చట్టాలన్నీ కొత్త బండ్లు తయారుచేసేవాళ్లకు. సొంత గరాజ్‌లో పాత ట్రక్కు బాగు చేసుకునేవాణ్ని ఎవరూ వచ్చి అడగరు. అడగకపోయినా చెయ్యాలి. పిల్లలు ఎక్కే బండి అయితే లాగే స్విచ్‌లే పెట్టండి, కరెంటు తాళం మీదుగానే తీసుకోండి. ఈ మాట మీద ఫోన్‌లో చాలాసేపు వాదించుకున్నాం. చివరికి నా అభిప్రాయాన్ని నా పేరుతోనే ముందుమాటలో రాయమన్నాడు. అతని సంస్కారం అది.

వైరింగ్ అధ్యాయానికి మాత్రం ఏ పేచీ లేకుండా చేతులు జోడిస్తాను. పవర్ విండో పెట్టుకుని నెలరోజులకే "మోటారు నీరసంగా ఉంది" అని వాపోయేవాళ్లలో సగానికి పైగా మనుషుల మోటార్లకు ఏ జబ్బూ ఉండదన్నది నా అనుభవం. సన్నటి తీగే కారణం. అతను లెక్క వేసి చూపించాడు. 18 గేజి రాగి తీగకు వెయ్యి అడుగులకు సుమారు 6.4 ఓమ్‌ల నిరోధం. బ్యాటరీ నుంచి స్విచ్ మీదుగా మోటారు దాకా, అక్కణ్నుంచి ఎర్త్ దాకా 20 అడుగుల దారి అనుకుంటే, 10 ఆంపియర్ల దగ్గర దాదాపు 1.3 వోల్టులు దారిలోనే కరిగిపోతాయి. 12 గేజి తీగ వేస్తే పోయేది వోల్టులో మూడో వంతు కూడా ఉండదు. వోల్టేజి పదో వంతు తగ్గితే, చివరి అంగుళంలో రబ్బరులోకి దూరడానికి మోటారు చూపగలిగే బలమూ పదో వంతు తగ్గుతుంది. చలికాలంలో బీడింగ్ గట్టిపడి, బ్యాటరీ కూడా మందగించిన పొద్దున ఆ పదో వంతే అడ్డం తిరుగుతుంది.

ఫ్యూజు బదులు తనంతట తానే తిరిగి కలుసుకునే సర్క్యూట్ బ్రేకర్ ఎందుకు పెట్టాలో కూడా విడమరిచాడు. అద్దం పైకి వెళ్లి ఆగినా స్విచ్ వదలకపోతే మోటారు మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఫ్యూజయితే పోయి ఊరుకుంటుంది, వానలో అద్దం సగంలో నిలిచిపోతుంది. బ్రేకర్ వేడెక్కి తెగి, చల్లారాక మళ్లీ కలుస్తుంది. రెండు స్విచ్‌ల మధ్య అల్లిక చాలామందిని తికమకపెట్టే చోటు. మోటారుకు రెండే తీగలు, విరామంలో రెండూ ఎర్త్‌కే కలిసి ఉంటాయి. ఎటు నొక్కితే ఆ తీగకు కరెంటు వస్తుంది, రెండోది ఎర్త్‌గానే ఉండిపోతుంది. డ్రైవరు స్విచ్ నుంచి కుడి తలుపుకు వెళ్లే తీగలు కుడి స్విచ్ గుండా పోవడం వల్లే ఇద్దరూ ఒకే అద్దాన్ని నడపగలుగుతారు. అతను గీసిన బొమ్మలో ఈ దారిని వేలితో వెంబడించవచ్చు.

తలుపుకూ స్తంభానికీ మధ్య తీగ దాటే చోటు గురించి రాసినదీ అంతే శ్రద్ధగా ఉంది. రెండు రంధ్రాలు ఎదురెదురుగా కాకుండా కాస్త ఎగుడుదిగుడుగా వేస్తే, తలుపు మూసినప్పుడు రబ్బరు గొట్టం నలగకుండా వంగుతుంది. రంధ్రం అంచును ఆకురాయితో రుద్ది, బయటపడిన ఇనుముకు వెంటనే రంగు పూయమన్నాడు.

పాత బండిని మార్చకూడదు, ఫ్యాక్టరీ ఇచ్చినట్టే ఉంచాలి అనే పెద్దలు ఉన్నారు. వారి పట్టుదల వల్లనే ఎన్నో బండ్లు అసలు రూపంలో మిగిలాయి, వారంటే నాకు గౌరవమే. వారికి ఈ రచయిత వాదనతో జవాబు చెప్పలేదు. విప్పిన పాత రెగ్యులేటర్లను కడిగి, గ్రీజు పూసి, కాగితంలో చుట్టి, ఏది ఏ తలుపుదో చీటీ కట్టి దాచాడు. రేపు ఇంకెవరైనా చేత్తో తిప్పే అద్దాలే కావాలనుకుంటే ఒక మధ్యాహ్నం చాలు. తీగ దాటడానికి అవసరమైన ఆ రంధ్రాలు తప్ప కొత్తగా రేకు కోయలేదు.

రెండో ముద్రణకు నా కోరిక ఒకటి ఉంది. ఈ పుస్తకం తెలుగులో ఉంది కాబట్టి బెజవాడ ఆటోనగర్‌లో పనిచేసే ఎలక్ట్రీషియన్ల చేతికీ తప్పకుండా వెళుతుంది. వాళ్ల ముందుకొచ్చే పెద్ద లారీల్లో చాలావాటిలో 24 వోల్టులు నడుస్తాయి. అక్కడ మోటారు, రిలే, స్విచ్ అన్నీ 24 వోల్టులవే కావాలి. అదే పనికి కరెంటు సగమే కావాలి కాబట్టి తీగ లెక్క మారుతుంది. 12 వోల్టుల మోటారు చేతిలో ఉంది కదా అని వరసగా కలిపిన రెండు బ్యాటరీల్లో ఒకదాని మీద నుంచే తీగ లాగేవాళ్లుంటారు. అలా చేస్తే ఆ బ్యాటరీ ఎప్పుడూ ఆకలితో ఉంటుంది, దాని జోడీ అతిగా చార్జయి ఉడుకుతుంది, కొన్నాళ్లకు రెండూ పోతాయి. ఆ పేజీ కూడా ఇంత ఓపికగా, ఇలాంటి బొమ్మతోనే, ఇతనే రాయాలి.