షటిల్ అందించే చెయ్యి

గచ్చిబౌలిలోని పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ పేరు వినగానే అందరికీ ఒలింపిక్ పతకాలు గుర్తొస్తాయి. 2012 లండన్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పి.వి. సింధు రజతం. నాకు మాత్రం ముందుగా ఒక చెయ్యి గుర్తొస్తుంది. నెట్‌కు అవతల నిలబడి, ఎడమ చేతి మీద షటిళ్ల దొంతర పెట్టుకుని, ఒక్కొక్కటే తీసి ర్యాకెట్‌తో పిల్లలకు అందించే కోచ్ చెయ్యి. దీన్ని ఆటగాళ్లు మల్టీ షటిల్ అంటారు.

దూరం నుంచి చూస్తే యంత్రం పనిలా ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే అందులోని పనితనం తెలుస్తుంది. కోచ్ కళ్లు షటిల్ మీద ఉండవు, పిల్లవాడి పాదాల మీద ఉంటాయి. వెనక మూలకు వెళ్లి కొట్టినవాడు మళ్లీ కోర్టు మధ్యకు చేరుతుండగా, ఇంకా కుదురుకోకముందే, ఒక అరక్షణం ముందుగా తర్వాతి షటిల్ నెట్ దగ్గర పడుతుంది. మరీ ముందుగా వస్తే పిల్లవాడు చేతులెత్తేస్తాడు. ఆలస్యమైతే వాడికి ఒళ్లు వంచాల్సిన పనే ఉండదు. అందీ అందకుండా, ఒక జాన అవతల వెయ్యాలి. పదేళ్ల పిల్లకు ఆ జాన వేరు, పద్దెనిమిదేళ్ల అమ్మాయికి వేరు. పదహారు ఈకలు, ఐదు గ్రాముల బరువున్న వస్తువుతో ఇంత కచ్చితమైన కొలత వెయ్యడం చిన్న విద్య కాదు. పైగా సాధనలో కొట్టికొట్టి ఈకలు చీలిన షటిళ్లూ ఉంటాయి. అవి గాలిలో వంకరపోతాయి. మంచి చెయ్యి ఆ వంకరనూ లెక్కలోకి తీసుకుంటుంది.

ఈ కొలత పుస్తకంలో దొరకదు, పెద్ద మ్యాచ్‌లో నిలబడ్డ ఒంటికే తెలుస్తుంది. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు, సెమీస్‌లో పీటర్ గేడ్‌ను, ఫైనల్లో చెన్ హాంగ్‌ను ఓడించి. అంతకుముందు 1980లో ప్రకాశ్ పదుకోన్ ఒక్కరే భారతదేశానికి ఆ టైటిల్ తెచ్చారు. మోకాలి శస్త్రచికిత్సల తర్వాత ఆ మెట్టెక్కిన మనిషి గోపీచంద్. పిల్లల పాదం ఎలా దిగుతోంది, మోకాలు ఎటు వంగుతోంది అన్నది ఆయనకు ఇంత ముఖ్యం కావడానికి అదీ ఒక కారణమని నాకనిపిస్తుంది.

పిల్లవాడిలో ఏముందో పసిగట్టడం ఇంకో పనితనం. కిదాంబి శ్రీకాంత్ అన్న వెంట అకాడమీకి వచ్చినప్పుడు ఎక్కువగా డబుల్స్ ఆడేవాడు. గోపీచంద్ అతన్ని సింగిల్స్‌కు మళ్లించారు. 2014లో అదే శ్రీకాంత్ చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను ఆయన సొంతగడ్డ మీదే ఓడించాడు. 2017లో ఒక్క ఏడాదే నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు.

సింధు సంగతి వేరు. పొడవు, బలం, ఓపిక అన్నీ ఉన్న అమ్మాయి, కోర్టులో మాత్రం నెమ్మదస్తురాలు. అందరూ చూస్తుండగా కోర్టు మధ్యలో నిలబడి గట్టిగా అరవమన్నారు గోపీచంద్. అరిస్తే తప్ప ర్యాకెట్ ముట్టుకోనివ్వనన్నారు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. వినడానికి కాస్త కటువుగానే ఉంటుంది. కానీ రియోలో పాయింటు పాయింటుకూ ఆమె వేసిన కేక విన్నవాళ్లకు, ఆ గొంతు ఎక్కడ తెరుచుకుందో చెప్పక్కర్లేదు.

అకాడమీలో ఎనిమిది కోర్టులున్నాయి. ఒలింపియన్లు సాధన చేసే చోటే పిల్లలూ సాధన చేస్తారు. పక్క కోర్టులో పెద్ద ఆటగాడు ఒకే డ్రాప్‌ను వందసార్లు కొట్టి, ఒకటి నెట్‌కు తగిలితే మళ్లీ మొదలుపెట్టడం చూసిన పిల్లవాడికి కష్టపడమని వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. చాంపియన్ బడికొచ్చి ఒక గంట ప్రసంగించి, ఫొటోలు దిగి వెళ్లడానికి నేనంత విలువ ఇవ్వలేను. రోజూ ఒకే కప్పు కింద ఉండడంలోనే అసలు చదువుంది.

మీ పిల్లల్ని ఏ ఊళ్లోనైనా బ్యాడ్మింటన్‌లో చేర్చబోతుంటే, గోడమీది కప్పులు లెక్కపెట్టకండి. ఓ పది నిమిషాలు పక్కన నిలబడి, షటిల్ అందించే చేతిని చూడండి.