తప్పు, తప్పిపోవడం, తిరిగి రావడం: లూకా ఉపమానంలో పశ్చాత్తాప భావన

లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానం తెలుగు క్రైస్తవ సమాజంలో పశ్చాత్తాపానికి ప్రధాన దృష్టాంతం. ఇది తెలుగులో అచ్చుకెక్కిన చరిత్ర ఉత్తరాంధ్రతో ముడిపడి ఉంది. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డిగ్రాంజెస్. ఆనందరాయర్ అనే తెలుగు బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో సాగిన అనువాదంలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో ముద్రితమయ్యాయి. అప్పటికి ఆ మిషనరీలిద్దరూ జీవించి లేరు.

తెలుగు క్రైస్తవ పరిభాషలో ఈ భావనకు రెండు మాటలు స్థిరపడ్డాయి. ‘పశ్చాత్తాపం’ చేసిన పని తరువాత కలిగే తాపం. ‘మారుమనస్సు’ గ్రీకు ‘మెటనోయియా’కు సమానార్థకం. రెండూ మనసులో జరిగేవే. హీబ్రూ ‘షూవ్’ ధాతువులో ఉన్న దారి, నడక వీటిలో లేవు. అయితే ఆ లోటును తెలుగు వాడుక భాష మరొక చోట పూరించింది. ‘తప్పు’ అన్నా ‘తప్పిపోవడం’ అన్నా ధాతువు ఒకటే. గురి తప్పడమూ అందులోనిదే. పాపాన్ని చెప్పే గ్రీకు ‘హమర్తియా’కు మూలార్థం కూడా గురి తప్పడమే. ‘తిరుగు’ ధాతువు ఇంకా విశేషమైనది. తిరుగుబాటు, తిరుగుబోతు, తిరిగి రావడం అన్నీ దానిలోంచి వచ్చినవే. చిన్న కుమారుని కథ యావత్తూ ఈ ఒక్క క్రియలో ఇమిడిపోతుంది.

మరొక విషయం గమనార్హం. మారుమనస్సు అన్న మాట ఇదే అధ్యాయంలోని గొర్రె, నాణెం ఉపమానాల ముగింపుల్లో ఉంది. కుమారుని కథలో లేదు. అక్కడ ఆ భావాన్ని లేవడం, నడవడం, ఒప్పుకోవడం అనే క్రియలే మోస్తాయి.

ఇల్లు విడవడమే పాపమన్నట్లు ఈ కథను వ్యాఖ్యానించే ధోరణి ఒకటుంది. విజయనగరం జిల్లా కొత్తవలస వంటి ఊళ్ళో ఈ వ్యాఖ్యానం నిలవదు. కొత్తగా వచ్చి స్థిరపడినవారి ఊరన్న అర్థం ఆ పేరులోనే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ‘వలస’తో ముగిసే ఊళ్ళు ఎన్నో. నేటికీ ఈ ప్రాంతపు శ్రామికులు హైదరాబాదుకో చెన్నైకో పనికి పోతూనే ఉన్నారు. వారిని తప్పిపోయినవారనడం అన్యాయం. ఉపమానంలోని కుమారుడు కూటి కోసం వెళ్ళలేదు. తండ్రి బతికుండగానే ఆస్తిలో వాటా అడిగి పట్టుకుపోయాడు. కరవొచ్చి పందులు మేపే కూలిగా మారిన తరువాతే అతడు వలస కూలీని పోలుతాడు. తప్పు ప్రయాణంలో లేదు, తండ్రిని లేనివానిగా లెక్కించడంలో ఉంది.

ఉపమానంలోని ప్రార్థన ఈ భేదాన్ని స్పష్టం చేస్తుంది. దూరదేశంలో కూర్చుకొన్న మాటల్లో మూడు అంశాలున్నాయి: పాపం ఒప్పుకోలు, కొడుకుననిపించుకొనే అర్హత లేదనడం, కూలివానిగా పెట్టుకొమ్మనడం. తండ్రి ఎదుట మొదటి రెండే పలికాడు. మూడవది పలకక మునుపే తండ్రి వస్త్రం, ఉంగరం, చెప్పులు తెమ్మన్నాడు. వ్యాఖ్యాతలు తండ్రి పరుగుకు ఇచ్చినంత ప్రాధాన్యం ఈ అసంపూర్ణ వాక్యానికి ఇవ్వవలసి ఉంది. కూలి అడగడమంటే బాకీ తీర్చగలననుకోవడమే. ఆ లెక్కను తండ్రి సాగనివ్వలేదు.

పర్లాకిమిడి ప్రాంతంలో జన్మించిన పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవుల నుండి తెలుగు క్రైస్తవ కీర్తన పల్లవి, చరణాల నిర్మాణాన్ని స్వీకరించింది. దాశరథీ శతకం వంటి రచనల్లోని ఆత్మనింద, శరణాగతి తెలుగు శ్రోతకు అంతకు ముందే పరిచితాలు. అందువల్ల పశ్చాత్తాప కీర్తన పరాయి గొంతుగా వినిపించలేదు. ప్రతి చరణం తరువాతా గాయకుడు పల్లవికి తిరిగి వస్తాడు కనుక, సమాజమంతా కలిసి పాడేటప్పుడు ఆ రాక ఒకసారితో ముగిసేది కాదు.

అయితే ఆత్మనిందకే పరిమితమైన పఠనంలో పెద్ద కుమారుడు మరుగున పడతాడు. అతడు తప్పిపోకుండానే తప్పు చేసినవాడు. ఇన్నేళ్ళు దాస్యం చేశానంటూ తమ్ముడు అడగబోయి అడగని కూలిని తానే అడుగుతున్నాడు. పాపులతో కలిసి భుజిస్తున్నాడని సణిగిన పరిసయ్యులకు చెప్పిన కథ ఇది. తండ్రి బయటికి వచ్చి బతిమాలిన తరువాత పెద్దవాడు లోపలికి వెళ్ళాడో లేదో లూకా రాయలేదు.