ఈ వయసులో సోకులా?

పోయినేడు మా ఇంట్లో ఒక పెళ్లి. అమ్మమ్మ వంకాయరంగు మంగళగిరి చీర కట్టుకుని గదిలోంచి బయటికొచ్చింది. జరీ అంచు, మడతల దగ్గర కాస్త వెలిసింది. ఎప్పటిదో, బీరువా అడుగున దాచుకున్న చీర. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా పిన్ని నవ్వుతూనే అంది: “ఏంటమ్మా, ఈ వయసులో సోకులు?” అమ్మమ్మ కూడా నవ్వింది. లోపలికెళ్లి గోధుమరంగు నూలుచీర కట్టుకుని వచ్చింది. పెళ్లి ఆల్బమ్‌లో ఉన్నది ఆ గోధుమరంగు చీరే. ‘అడ్వాన్స్‌డ్ స్టైల్’ అనే డాక్యుమెంటరీ గురించి రాద్దామని కూర్చుంటే ముందు ఇదే గుర్తొచ్చింది. కాబట్టి ముందు ఇదే చెప్పాను.

అరి సెత్ కోహెన్ అనే కుర్రాడు 2008లో న్యూయార్క్ వీధుల్లో తిరుగుతూ, ముచ్చటగా తయారైన పెద్దవాళ్లని ఆపి, ఫొటోలు తీసి బ్లాగులో పెట్టడం మొదలుపెట్టాడు. ఫ్యాషన్ ఫొటోలంటే ఇరవై ఏళ్లవాళ్లే అనుకునే ఊళ్లో అతని కెమెరా తల నెరిసినవాళ్ల వెంట పడింది. ఆ ఫొటోలు 2012లో పుస్తకంగా వచ్చాయి. 2014లో లీనా ప్లియోప్లైట్ దర్శకత్వంలో సినిమా వచ్చింది. అందులో ఏడుగురు ఆడవాళ్లు. అందరూ న్యూయార్క్‌వాళ్లే.

ఇలోనా రాయిస్ స్మిత్‌కిన్ చిత్రకారిణి. తొంభై దాటింది. జుట్టు ఎర్రగా మండుతూ ఉంటుంది. ఆ జుట్టునే కత్తిరించి కనురెప్పలు చేసుకుని అతికించుకుంటుంది. సినిమా ఆవిడని చూసి జాలిపడదు, “అబ్బో ఈ వయసులో కూడా!” అని బుగ్గలు నొక్కుకోదు. పనిలో ఉన్న మనిషిని చూసినట్టు చూస్తుంది, అంతే. డెబ్రా రాపొపోర్ట్ పేపర్ టవళ్లతో టోపీలు, టాయిలెట్ పేపర్ గొట్టాలతో గాజులు చేసుకుంటుంది. ట్సిపోరా సలమన్ ఒక దర్జీ కూతురు. వాళ్ల నాన్న చేతిపని గురించి తెలిశాక, సైకిలెక్కి తిరిగే ఆవిడ ముస్తాబు వేషంలా అనిపించదు, వారసత్వంలా కనిపిస్తుంది. సినిమా బలం ఇక్కడే ఉంది. టోపీ గురించి అడిగితే బతుకంతా బయటికొస్తుంది. “మీ కథ చెప్పండి” అని మైకు పెడితే ఇంత రాదు.

జాకీ తాజా మర్డాక్ వయసులో ఉన్నప్పుడు హార్లెమ్‌లోని అపోలో థియేటర్‌లో డాన్సర్. 2012లో, ఎనభై దాటాక, లాన్విన్ కంపెనీ ప్రకటనకి స్టీవెన్ మైజెల్ ఆవిడ ఫొటోలు తీశాడు. ప్రపంచం ఆవిడని చూడటం మొదలుపెట్టేసరికి ఆవిడ చూపు మసకబారిపోయింది. జెల్డా కప్లాన్ అయితే 2012 ఫిబ్రవరిలో ఒక ఫ్యాషన్ షోలో ముందు వరసలో కూర్చుని ఉండగానే కుప్పకూలి చనిపోయింది. తొంభై ఐదేళ్లు. ఈ రెండు జీవితాల దగ్గర సినిమా చప్పట్లు ఆపి కాస్త నెమ్మదిస్తుంది. నాకు బాగా నచ్చిన భాగం అదే.

మిగతా చోట్ల మాత్రం చప్పట్లు ఎక్కువే. నా ఫిర్యాదు కూడా దాని మీదే. ఇన్నాళ్లూ పెద్దవాళ్లతో “ఒక మూలన కూర్చో” అన్నాం. ఇప్పుడు “మెరువు, అప్పుడు చూస్తాం” అంటున్నామా? రంగుల టోపీ పెట్టుకోని ముసలావిడ, మోకాళ్ల నొప్పులతో నైటీలోనే రోజు గడిపే ముసలావిడ ఈ కెమెరాకి కూడా కనపడదు. డెబ్రా కాగితం గాజులు డబ్బు లేకపోయినా స్టైల్ ఉంటుందని చెప్తాయి, నిజమే. కానీ ఓపిక లేకపోతే? ఆ ప్రశ్న దగ్గర సినిమా ఆగదు.

అదే 2014లో వచ్చిన ఆల్బర్ట్ మేజిల్స్ సినిమా ‘ఐరిస్’ ఆగుతుంది. ఐరిస్ ఆప్ఫెల్ బట్టలు, నగలతో 2005లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం ఏకంగా ప్రదర్శనే పెట్టింది. డబ్బున్న మనిషి, సందేహం లేదు. అయినా మేజిల్స్ ఆవిడ బేరాలతో పాటు అలసటనీ చూపించాడు. ఏళ్ల తరబడి పోగుచేసుకున్నవి ఒక్కొక్కటీ వదులుకోవడం చూపించాడు. భర్త కార్ల్ నూరో పుట్టినరోజూ చూపించాడు. అప్పటికి మేజిల్స్‌కే ఎనభై ఏడేళ్లు. ఎప్పుడు ఊరుకోవాలో ఆ కెమెరాకి తెలుసనిపిస్తుంది. ‘అడ్వాన్స్‌డ్ స్టైల్’ ఒక మనవడి ప్రేమలా ఉంటే, ‘ఐరిస్’ ఈడువాళ్ల కబుర్లలా ఉంటుంది. రెండిట్లో ఒకటే చూడమంటే నేను రెండోదే చూడమంటాను.

కార్ల్ 2015లో పోయాడు. 2019లో, తొంభై ఏడేళ్ల వయసులో, ఐరిస్ ఒక పెద్ద మోడలింగ్ ఏజెన్సీతో ఒప్పందం చేసుకుంది. 2024 మార్చిలో, 102 ఏళ్లకి చనిపోయింది. భర్త పోయాక కూడా ఆ గుండ్రటి పెద్ద కళ్లజోడు, మోచేతి దాకా గాజులు అలాగే ఉన్నాయి. నేను తట్టుకోలేకపోయింది ఆ గాజుల్నే. మన ఇళ్లలో చాలామంది ఆడవాళ్ల స్టైల్ ముగిసేది వయసుతో కాదు, భర్త పోయిన పదో రోజున. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడని బళ్లో చదువుకున్నాం. ఆ పోరాటం పసివయసులో భర్త పోయినవాళ్ల కోసం. డెబ్బై ఏళ్లకి భర్త పోయిన ఆవిడ ఎవరి లెక్కలోకీ రాలేదు. ఆవిడకి మళ్లీ పెళ్లి అక్కర్లేదు. వంకాయరంగు చీర చాలు.

మన దగ్గరా పెద్దవాళ్లని మెచ్చుకోవడం లేదా అంటే, ఉంది. వందేళ్లు దాటిన మస్తానమ్మ వంటల్ని యూట్యూబ్‌లో లక్షలమంది చూశారు. లంబాడిపల్లి గంగవ్వ తన కట్టూబొట్టుతోనే 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి వెళ్లింది. నేనూ మురిసిపోయి చూశాను. కానీ మనం వాడే మాట గమనించండి: “సహజంగా ఉంటారు.” న్యూయార్క్ ఆవిడ పెట్టుకుంటే స్టైల్, మన అవ్వ పెట్టుకుంటే సహజం. అంటే అది ఆవిడ ఎంచుకున్నది కాదు, పొలంలో గడ్డిలా దానంతటదే మొలిచింది అన్నమాట. ఏ రంగు రవిక, ఎంత బొట్టు, ముక్కుపుడక ఏ వైపు, కొంగు ఎక్కడ దోపాలి, ఇవన్నీ ఒక మనిషి అద్దం ముందు నిలబడి తేల్చుకున్నవే. పల్లెని మెచ్చుకునే తొందరలో ఆ మనిషిని మర్చిపోతున్నాం.

సినిమా అయ్యాక అమ్మమ్మకి ఫోన్ చేసి ఆ చీర సంగతి అడిగాను. తాతయ్య కొనిపెట్టాడేమో అనుకున్నా. కాదట. పాలు పోసిన డబ్బులు దాచుకుని, ఎవరికీ చెప్పకుండా తనే కొనుక్కుందట. తాతయ్య ఉన్నప్పుడు ఒకట్రెండు సార్లే కట్టింది. “మరి ఆ రోజు ఎందుకు మార్చుకున్నావు అమ్మమ్మా?”

“పెళ్లివారింట్లో గొడవెందుకే అని.” కాసేపాగి అంది: “నువ్వు ఒక్క మాట అంటావేమో అని నీ వంక చూశా.”

రేటింగులు ఇచ్చే అలవాటు నాకు లేదు. ఈ రెండు సినిమాలూ చూడండి, లోపాలతో సహా. కుదిరితే ఇంట్లో పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఆవిడ మధ్యలో ఏదైనా చెప్పబోతే సినిమా ఆపండి.