ముప్ఫై సెకన్ల తెర

మొదట కిటికీ అద్దాలు దిగుతాయి. చప్పుడు లేకుండా, చుట్టాలొస్తున్నారని తెలిసి ఇంటివాళ్లు దారికి అడ్డం తప్పుకున్నట్టు. ఆ తర్వాత వెనక అంచు లేస్తుంది. నల్లని బట్ట, నలగని అంచు, ఊపిరి లోపలికి తీసుకున్నంత నెమ్మదిగా లేచి నిలువుగా నిలబడుతుంది. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసే ఘట్టం చూశారు కదా! మనిషి ఇంకా కనపడదు, ముఖం ఇంకా కనపడదు, జడ ఒక్కటే తెర దాటి వాలుతుంది, సభ మొత్తం సర్దుకుని కూర్చుంటుంది. ఈ కారు వెనక అంచు లేచినప్పుడల్లా నాకు కలిగేది ఆ పులకింతే. అంతలో వెనక మూత తెరుచుకుంటుంది, ముందు కొక్కేలు విడిపోతాయి, కమ్మీల మీద బిగువుగా సాగిన బట్ట మడత మీద మడతగా వెనక్కి వాలి, తన అరలో తాను ఒదిగిపోతుంది. మూత పడుతుంది. మొత్తం ముప్ఫై సెకన్లు. ఆపైన తల మీద అంతా ఆకాశమే!

మెర్సిడెస్ ఎస్‌ఎల్‌లో ఆర్129 అని పిలిచే తరం ఇది. 1989లో జెనీవా ప్రదర్శనలో లోకానికి కనిపించింది, 2001 దాకా బ్రెమెన్ కర్మాగారంలో తయారైంది. బ్రూనో సాకో పర్యవేక్షణలో రూపుదిద్దుకున్న ఆ గీతలో ఒక్క అనవసరమైన వంపు లేదు. మీట నొక్కితే కారు కప్పు మాయం కావాలన్న కోరిక మాత్రం అంతకంటే చాలా పాతది. ఫ్రాన్సులో దంతవైద్యం చేస్తూ కార్లకు సొగసు దిద్దిన జార్జ్ పాలిన్ ఊహ అది. 1934లో ప్యూజో కార్లకు అది అమరింది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఎక్లిప్స్’, అంటే గ్రహణం. ఎంత చక్కని పేరు! కప్పును పట్టేది గ్రహణం, బయటపడేది సూర్యుడు.

అయితే ఈ టాపు అందం నా కంటికి పూర్తిగా పట్టింది అది చెడిపోయిన రోజున.

కాలిఫోర్నియాలో ఒక మిత్రుడి దగ్గర ఈ బండి ఉంది. ఒక సాయంత్రం అంచు లేచింది, మూత తెరుచుకుంది, బట్ట సగం దాకా వచ్చి ఆగింది. ఆగి, కొంచెం వణికి, మళ్లీ కిందికి జారింది. స్విచ్చులోని ఎర్ర దీపం మిణుకు మిణుకుమంటోంది. పాట మధ్యలో గొంతు పట్టేసిన గాయకుడిని చూసినంత బాధ వేసింది. మర్నాడు ఒక పెద్దాయన గ్యారేజీకి తీసుకెళ్లాం. ఆయన పనిముట్ల పెట్టె తెరవలేదు. డిక్కీ తెరిచి, టాపును నడిపే ఆయిలు పంపు ఉన్న చోట చెవి ఆనించి, “ఇప్పుడు నొక్కండి” అన్నాడు.

ఆ వినడం చూడాలి! కళ్లు మూసుకున్నాడు, ఒక చెయ్యి గాలిలో నిలిపాడు. పంపు అసలు పలకకపోతే దోషం కరెంటుది. ఫ్యూజులు, రిలేలు వెతుక్కోవాలి. పలుకుతూ పలుకుతూ ఠక్కున ఆగితే ఏదో లిమిట్ స్విచ్ తన కబురు పంపలేదన్నమాట. మూత పూర్తిగా తెరుచుకుందని ఆ చిటికెడు స్విచ్ చెబితే తప్ప ఈ బండి బట్టను కదలనివ్వదు. నట్టువాంగం తాళం పడకుండా అడుగు వెయ్యని నర్తకి ఇది! ఆ రోజు పంపు ఆగలేదు. పలికింది, కానీ శ్రుతి తప్పి పలికింది. నిండు గొంతులో గురగుర. నీళ్లు అడుగంటిన కుండలో చెంబు ముంచితే వచ్చే ఆ శబ్దం. పెద్దాయన కళ్లు తెరిచి, “గాలి మింగుతోంది” అన్నాడు. ఒక్క మాట. మా రాత్రి నిద్ర పాడుచేసిన చిక్కు అంతా ఆ ఒక్క మాటలో విడిపోయింది.

ఆయిలును ఎంత నొక్కినా నలగదు. గాలి నలుగుతుంది. కప్పు ఎత్తే బలమంతా ఆ నలగని గుణంలోనే ఉంది. గొట్టంలో నాలుగు బుడగలు చేరాయంటే బలం వాటిని నలపడానికే సరిపోతుంది, కప్పు దాకా చేరదు. తొట్టిలో ఆయిలు కింది గీతకు దిగువన ఉంది. మరి అది ఎటు పోయినట్టు?

పెద్దాయన ముందు సీట్లో కూర్చుని, విండ్‌షీల్డు పైఅంచును, రియర్‌వ్యూ అద్దం వెనక, చూపుడు వేలి కొసతో తడుముకుంటూ వెళ్లాడు. వీణ మెట్ల మీద వేలు జరిపినంత సుకుమారంగా. ఒక చోట ఆగాడు. వేలు మా ముందు పెట్టాడు. దాని మీద ఒక్క చుక్క, లేత తేనె రంగులో, సాయంత్రపు వెలుగు పడి మెరుస్తోంది. అంత బరువైన కప్పును కట్టిపడేసింది ఈ చుక్కేనా! ఈ టాపుకు డజనుకు తగ్గని సిలిండర్లున్నాయి. వాటిలో అరచేతిలో ఇమిడిపోయే ఒక బుజ్జి సిలిండరు, ముందు కొక్కేన్ని విప్పే సిలిండరు, ఆ అంచులో కూర్చుని ఎవరికీ చెప్పకుండా కన్నీరు పెట్టుకుంటోంది.

దాన్ని విప్పి లోపలి సీలు బయటికి తీశాడు. ఏళ్ల తరబడి ఎండిన మామిడి తాండ్ర ముక్కలా ఉంది. గోటితో నొక్కితే పొడిపొడిగా రాలింది. దాని వయసు కారు వయసే. బండి తిరిగినా తిరగకపోయినా ఆ పాలియురేథేన్‌ను కాలం లోలోపల తినేస్తుంది. దానికి జోడీ అయిన రెండో సిలిండరునూ ఆయన వదల్లేదు. “దీని వంతు రేపే” అన్నాడు. ఈ దూరదృష్టిని నేను చేతి పని కంటే పెద్ద విద్యగా లెక్కిస్తాను.

కొత్త సీళ్లు పడ్డాయి, తొట్టి నిండింది. ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం. టాపును తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, మళ్లీ మూసి, గొట్టాల్లోని గాలిని బయటికి సాగనంపడం. మొదటి సారి బట్ట తడబడింది; తొట్టిలో నురగ తేలింది. రెండోసారి తడబాటు తగ్గింది. ప్రతి విడతకూ పంపు గొంతులోని గురగుర పలచబడుతూ, చిక్కబడిన శ్రుతి మిగులుతూ వచ్చింది. పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కప్పు సగం లేచినప్పుడు దాని కింద చెయ్యి పెట్టనివ్వలేదు ఎవ్వరినీ. ఆఖరి విడతలో అంచు లేచింది, మూత తెరుచుకుంది, నల్లని బట్ట నీడలా, నీరులా, ఎక్కడా ఆగకుండా, ఎవరినీ అడగకుండా జారి అరలోకి ఒదిగింది! నిన్నటి దాకా ఎన్ని సార్లు చూశాను దీన్ని! ఏ సిలిండరు ఎప్పుడు ఊపిరి పోస్తోందో, ఏ స్విచ్ ఎప్పుడు తల ఊపుతోందో తెలిసి చూడటం అదే మొదటిసారి.

గ్యారేజీలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎర్ర దీపం ఆరిపోయింది.

ఇలాంటి బండి మీకు తెలిసినవాళ్ల దగ్గర ఉంటే ఒక సాయంత్రం వెళ్లి, రేడియో ఆపించి, వెనక నిలబడి ఆ ముప్ఫై సెకన్లూ వినండి. వెళ్లే ముందు విండ్‌షీల్డు పైఅంచును వేలితో ఒకసారి తడమండి. తడి తగిలితే మాత్రం స్విచ్ నొక్కనివ్వకండి.