కర్వ్స్ చేసి పంపు

మైపాడు దారిలో ఉండే ఒక డిగ్రీ కుర్రాడికి మొన్న మొదటిసారి డబ్బులొచ్చే పని తగిలింది. రొయ్యపిల్లల హేచరీకి లేబుల్. సముద్రపు నీలం, మధ్యలో మెలి తిరిగిన వనామీ రొయ్య, కింద ‘కృష్ణపట్నం’ అని పెద్దక్షరాలు. అంతా అయ్యి అడ్వాన్సు చేతిలో పడ్డాక గుర్తొచ్చింది, తను వాడుతున్నది కోరల్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ స్టూడెంట్ ఎడిషన్ అని. “దీంతో చేస్తే తప్పా అన్నా?” అని ఈ కాలమ్ రాసే మనిషిని అడిగాడు.

అడిగినందుకే ఈయన మురిసిపోయాడు. ఈయన పని నేర్చిన రోజుల్లో నెల్లూరులో ఆ ప్రశ్నే పుట్టలేదు. ఎడిషన్ అంటే సీడీ మీద మార్కర్ పెన్నుతో రాసిన పేరు. పేజ్‌మేకర్, కోరల్, ఫొటోషాప్, అను ఫాంట్లు అన్నీ అందులోనే, సీరియల్ నంబరు సిగరెట్ పెట్టె అట్ట మీద. పెళ్లి కార్డు, సినిమా విడుదల బ్యానరు, రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దారిలో కట్టే స్వాగతం ఫ్లెక్సు, అన్నీ దానితోనే అయిపోయేవి. ఎవరూ దాన్ని దొంగతనం అనుకోలేదు. చట్టం మాత్రం అలా అనుకోదు. కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి వాడితే 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా. వ్యాపారానికి వాడలేదని తేలితే మాత్రం జైలు లేకుండా వదిలే వెసులుబాటు కోర్టుకుంది.

నేర్చుకోవడానికీ సంపాదించడానికీ మధ్య గీత అలా చట్టంలోనే ఉంది. స్టూడెంట్ ఎడిషన్ గొడవంతా ఆ గీత దగ్గరే. చిక్కేమిటంటే ఒక్కో కంపెనీ దాన్ని ఒక్కో చోట గీసింది.

కోరల్ ‘హోమ్ అండ్ స్టూడెంట్’ పేరుతో అమ్మినదాన్ని వ్యాపారానికి వాడకూడదు. పైగా ప్రెస్సుకు పనికొచ్చే సదుపాయాలు కొన్ని అందులో కోసేశారు. అడోబీ దారి వేరు. విద్యార్థికి ఇచ్చేది పూర్తి సాఫ్ట్‌వేరే, దానితో నాలుగు రూపాయలు సంపాదించుకున్నా అడ్డు చెప్పదు. కాకపోతే 2013లో చందా పద్ధతికి మళ్లింది కాబట్టి చదువు ముగిశాక పూర్తి ధర కడుతూనే ఉండాలి. ఇక ఇళ్ల ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ తమాషా చూడాలి. విద్యార్థి వెర్షన్లో గీసిన ప్లాను ప్రింటు తీస్తే నాలుగు అంచులా ‘ఇది చదువుకోసం ఇచ్చినది’ అన్న ముద్ర పడేది. అందులోంచి ఒక్క ముక్క తీసి అసలు వెర్షన్లో అతికించినా గజ్జిలా దానికీ అంటుకునేది! 2019 వెర్షన్‌తో ఆ ముద్ర పోయింది.

ఎడిషన్ సంగతి తేలినా నెల్లూరు డిజైనర్ కష్టం తీరదు. ఫైలు ఫ్లెక్సు షాపుకో ప్రెస్సుకో చేరాలి. అక్కడి కోరల్ పాతదైతే కొత్త వెర్షన్లో చేసిన సీడీఆర్ (కోరల్ సొంత ఫైలు) తెరుచుకోదు. వేలు పోసి పూర్తి ఎడిషన్ కొన్నవాడు కూడా పాత వెర్షన్లోకి దించి సేవ్ చేయాల్సిందే. అను ఫాంటు యూనికోడ్ కాదు. అవతల అది లేకపోతే తెలుగంతా ఇంగ్లిషు అక్షరాల చెత్తగా మారుతుంది. అందుకే షాపువాడి మొదటి మాట, “కర్వ్స్ చేసి పంపు.” అక్షరాల్ని గీతలుగా మార్చెయ్యమని. ఆ తరువాత అక్షరదోషం కనిపిస్తే దిద్దలేం, మళ్లీ కొట్టాల్సిందే.

ఏ సాఫ్ట్‌వేరైనా కొనేముందు కుర్రాడు తన లేబుల్ మీది మాటనే కొట్టి చూడాలని ఈయన సలహా. కృష్ణపట్నంలో వట్రసుడి ఉంది, ష కింద ణ ఒత్తు ఉంది, ట కింద న ఒత్తు ఉంది. ఒత్తు జారి పక్కన నిలబడితే ఆ సాఫ్ట్‌వేర్ స్టూడెంటైతేనేం, ఫుల్లైతేనేం? అడోబీ వాళ్ల ఇన్‌డిజైన్ మన లిపుల్ని కుదురుగా పేర్చడం మొదలెట్టింది 2012 నాటి సీఎస్6లో. అఫినిటీ అనే మరో డిజైన్ సాఫ్ట్‌వేర్ 2025 అక్టోబరులో అందరికీ ఉచితమైంది గానీ, దాని పాత వెర్షన్లకు మన ఒత్తులు పట్టుబడలేదు.

కుర్రాడు చివరికి ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాడు. 2003 నుంచీ ఉచితం, అమ్ముకునే పనికీ అభ్యంతరం లేదు. ఒత్తులు కుదురుగా కూర్చున్నాయి. రొయ్యని మళ్లీ గీయడానికి రెండు రాత్రులు పట్టింది. అయితే ఇంక్‌స్కేప్ తెర రంగుల్లో పనిచేస్తుంది. ప్రెస్సులో నాలుగు రంగుల సిరాలోకి మారేసరికి సముద్రపు నీలం కాస్త వాడింది. హేచరీ యజమాని పట్టించుకోలేదు, ఆయన చూసింది పేరు సైజే. ప్రెస్సు నుంచి మాత్రం ఫోనొచ్చింది.

“పీడీఎఫ్ సరే, సీడీఆర్ ఏదబ్బా?”