దిద్దుబాట్లు దాచని గ్రంథం

యెరూషలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో యెషయా గ్రంథపు చుట్ట ఒకటి ఉంది. పదిహేడు తోలు ముక్కలను వరసగా కుట్టి తయారుచేశారు. పొడవు ఏడు మీటర్లకు పైనే. క్రీస్తు పుట్టడానికి వందేళ్లకు పైగా ముందే దీన్ని రాశారని పండితులు లెక్కగట్టారు. అందులో 40వ అధ్యాయం దగ్గర ఒక విశేషం కనిపిస్తుంది. మనుషుల బతుకు గడ్డిలాంటిదనీ, దేవుని మాటకు మాత్రం చావు లేదనీ ప్రవక్త చెప్పే చోటు అది. గడ్డి, పువ్వుల ప్రస్తావన అక్కడ వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. రాస్తున్నాయన చూపు మొదటిదాని మీంచి రెండోదాని మీదికి జారింది. మధ్యలోని మాటలు ఎగిరిపోయాయి. తర్వాత ఇంకెవరో ఆ తప్పు పట్టుకున్నారు. పోయిన మాటలను పంక్తుల మధ్య ఇరికించి రాశారు. చోటు చాలక ఎడమ అంచు వెంబడి కిందికి దించారు. దేవుని పేరు రావలసిన చోట అక్షరాలు రాయకుండా భక్తితో నాలుగు చుక్కలు పెట్టారు.

తప్పు జరిగింది, దిద్దారు, దిద్దిన గుర్తును అలాగే ఉంచారు. బైబిలును నమ్మవచ్చా అని అడిగేవారికి చూపించవలసిన మొదటి సాక్ష్యం ఈ పుటే. లేఖనం మన దాకా వచ్చింది మనుషుల చేతుల మీదుగా. ఆ చేతులు ఎంత జాగ్రత్తగా పనిచేశాయో తెలిసినకొద్దీ నమ్మకానికి వేరు దొరుకుతుంది.

ధర్మశాస్త్రపు చుట్టను చేత్తో రాసే యూదు లేఖకులు ఈనాటికీ పాత నియమాలే పాటిస్తారు. శుద్ధమైన జంతువు చర్మాన్నే వాడాలి. దాని మీద సిరా లేకుండా మొనతో నొక్కి గీతలు గీస్తారు. అక్షరాలు ఆ గీత మీద నిలబడవు, దాని కింద వేలాడతాయి. గ్రంథమంతా కంఠతా వచ్చినా సరే, జ్ఞాపకం మీద రాయకూడదు. ఎదురుగా మూలప్రతి ఉండాలి, ప్రతి మాటనూ పైకి పలికి మరీ రాయాలి. దేవుని పేరు వచ్చినప్పుడు ఆగి, ఆ నామ పవిత్రత కోసమే రాస్తున్నానని నోటితో చెప్పాలి. మామూలు మాటలో తప్పు దొర్లితే గీకి సరిచేయవచ్చు. దేవుని పేరును మాత్రం చెరపకూడదు. అందులో తప్పు పడితే ఆ తోలు ముక్క మొత్తాన్నీ పక్కన పెట్టి, చివరికి భూమిలో పాతిపెడతారు.

గలిలయ సముద్రం ఒడ్డున తిబెరియలో ఏడు నుంచి పదో శతాబ్దం దాకా పనిచేసిన మసోరా పండితులు ఈ జాగ్రత్తను ఇంకో మెట్టు ఎక్కించారు. హెబ్రీ రాతలో ప్రధానంగా హల్లులే ఉంటాయి. తరతరాలుగా నోటి మీద నిలిచిన ఉచ్చారణ చెదిరిపోకుండా వాళ్లు అచ్చులకు చుక్కలూ గీతలూ కల్పించారు. పుట అంచుల్లో చిన్న అక్షరాలతో కాపలా పెట్టారు. ఫలానా రూపం లేఖనమంతటిలో రెండు చోట్లే వస్తుంది, ఫలానా మాట ఇలా రాసి ఉండడం ఇక్కడొక్కటే అంటూ లెక్కలు రాసిపెట్టారు. తర్వాత రాసేవాడు తొందరపడి ‘సరిచేయడానికి’ వీల్లేకుండా వేసిన కట్టుదిట్టం ఇది. ఆదికాండం చివర వచనాల మొత్తం 1,534 అని నమోదు చేశారు. మూలంలో ఒక మాట సరిగా లేదని అనిపించినా దాని మీద చేయి వేయలేదు. మూలాన్ని ఉన్నదున్నట్టు వదిలి, చదవవలసిన తీరును పక్కన రాశారు. అంత చదువుకున్నవాళ్లు తమ తెలివిని పుట అంచుకే పరిమితం చేసుకోవడం చిన్న విషయం కాదు.

ఈ సంప్రదాయంలో పేరుమోసిన అహరోను బెన్ ఆషేరు 930 ప్రాంతంలో చుక్కలు పెట్టిన ప్రతి చాలాకాలం సిరియాలోని అలెప్పోలో ఉండేది. 1947లో అక్కడ జరిగిన అల్లర్ల తర్వాత అందులో చాలా ఆకులు కనిపించకుండా పోయాయి. అదే బాటలో 1008 ప్రాంతంలో కైరోలో తయారైన ప్రతి మాత్రం పూర్తిగా దక్కింది. ఇప్పుడది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంది. పండితులు వాడే అచ్చు హెబ్రీ బైబిలుకు ఆధారం అదే.

వెయ్యేళ్ల నాటి ప్రతి బాగానే ఉంది, మరి అంతకు ముందు వెయ్యేళ్లలో ఏం జరిగిందన్న ప్రశ్నకు 1947 దాకా గట్టి జవాబు లేదు. ఆ రోజుల్లో మృతసముద్రం పక్కన కుమ్రాను గుహల్లో గొర్రెల కాపరులకు పాత చుట్టలు దొరికాయి. యెషయా చుట్ట వాటిలోదే. దాన్ని మసోరా ప్రతితో పోల్చి చూస్తే తేడాలు ఎక్కువగా స్పెల్లింగుకూ చిన్న చిన్న పదాలకూ చెందినవి. గ్రంథం అదే గ్రంథం. అంతకన్నా ఆశ్చర్యపరిచేది ఏన్గెదీ చుట్ట. పాత సమాజమందిరపు శిథిలాల్లో 1970లో దొరికినప్పుడు అది బొగ్గుముద్ద. ముట్టుకుంటే రాలిపోయేది. దాన్ని విప్పకుండానే స్కాన్ చేసి, అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెంట్ సీల్స్ బృందం కంప్యూటర్‌లో పొర తర్వాత పొర తెరిచింది. 2016లో ఫలితం ప్రచురించారు. లేవీయకాండం మొదటి అధ్యాయాల భాగం బయటపడింది. చదవగలిగినంత మేర హల్లులన్నీ మసోరా పాఠంతో అక్షరం అక్షరం సరిపోయాయి.

అయితే కుమ్రాను గుహలు ఇంకో సంగతి కూడా చెప్పాయి. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. యిర్మీయా గ్రంథం పొడవు ప్రతీ, పొట్టి ప్రతీ రెండూ అక్కడ దొరికాయి. పొట్టిది పాత గ్రీకు అనువాదానికి దగ్గరగా ఉంది. అంటే కొన్ని గ్రంథాలు ఆ రోజుల్లో ఒకటికి మించిన రూపాల్లో చలామణీలో ఉండేవన్నమాట.

కొత్త నిబంధన కథ వేరు. తొలి శతాబ్దాల్లో దాన్ని నకలు చేసినవాళ్లకు తిబెరియ పండితుల శిక్షణ లేదు. ఒక సంఘానికి వచ్చిన ఉత్తరాన్ని ఇంకో సంఘం అడిగి రాసుకునేది. అందువల్ల తేడాలు చాలానే వచ్చాయి. కానీ ప్రతులు ఐగుప్తుకూ సిరియాకూ రోముకూ చెదిరిపోయాయి కాబట్టి, వాటన్నిటినీ ఒకేలా మార్చడం ఎవరి తరమూ కాలేదు. మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో అరచేతిలో ఇమిడే పపైరస్ ముక్క ఉంది. రెండు వైపులా యోహాను సువార్త 18వ అధ్యాయపు పంక్తులున్నాయి. పిలాతు ముందు యేసు విచారణ ఘట్టం అది. చాలామంది పండితులు దాన్ని రెండో శతాబ్దానిదంటారు. గ్రీకు ప్రతులు పూర్తివీ ముక్కలూ కలిపి ఐదు వేలకు పైగా మిగిలాయి. ఒక ప్రాంతంలో దొర్లిన తప్పును ఇంకో ప్రాంతపు ప్రతి పట్టిస్తుంది.

అలా పట్టిచ్చిన వాటిలో పెద్దవి రెండు. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాలు, యోహాను సువార్తలో వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ. నాలుగో శతాబ్దపు రెండు గొప్ప ప్రతుల్లోనూ ఈ భాగాలు లేవు. చాలా ఆధునిక అనువాదాలు ఆ మాటను పుట అడుగున ముద్రిస్తున్నాయి. విశ్వాసికి ఈ సంగతి ప్రసంగ వేదిక నుంచే తెలియాలి. పాస్టరుగారు నెమ్మదిగా వివరిస్తే అది జ్ఞానమవుతుంది. అదే సంగతి అర్ధరాత్రి యూట్యూబ్‌లో ఎవరో రహస్యం బయటపెట్టినట్టు చెబితే కాలేజీ పిల్లవాడి గుండె జారిపోతుంది. ఈ తేడాల వల్ల యేసు మరణ పునరుత్థానాల సాక్ష్యం కూలిపోదు. పౌలు ఉత్తరాల్లో, నాలుగు సువార్తల్లో అది పదే పదే వినిపిస్తూనే ఉంది.

ఇంత శ్రమపడి కాపాడిన గ్రంథం మామూలు విశ్వాసులకు ఏమిటో 303లో తేలింది. రోము చక్రవర్తి డయోక్లేషియన్ లేఖనాలను తగలబెట్టమని ఆజ్ఞ ఇచ్చాడు. ఉత్తర ఆఫ్రికాలోని కిర్తాలో అందుకోసం జరిగిన సోదా నివేదిక అదృష్టవశాత్తూ మిగిలింది. అధికారులు చర్చిలో వెతికితే దొరికింది ఒకే ఒక పెద్ద పుస్తకం. మిగతావి చదువరుల దగ్గర ఉన్నాయని తెలిసింది. ఆ చదువరులెవరో చెప్పమంటే ఇద్దరు ఉప పరిచారకులు నోరు విప్పలేదు, వాళ్లను నిర్బంధించారు. పేర్లు వేరేవాళ్ల ద్వారా తెలిశాక అధికారులు ఇల్లిల్లూ తిరిగారు. ఒక ఇంట్లో నాలుగు, ఒక ఇంట్లో ఐదు, ఒక వ్యాకరణ పంతులు ఇంట్లో రెండు పుస్తకాలూ కొన్ని విడి ఆకుల కట్టలూ దొరికాయి. ఇంకో ఇంట్లో ఇల్లాలు ఆరు పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. భయపడి ఇచ్చినవాళ్లను తప్పుపట్టడం మన పని కాదు. చర్చి అల్మారాలో ఉండవలసిన పుస్తకాలు పంతుళ్ల ఇళ్లలోకి, ఇల్లాళ్ల చేతుల్లోకి చేరాయన్నదే ఇక్కడ గమనించవలసినది.

వాళ్లను చదువరులని పిలవడానికి కారణం ఉంది. సంఘంలో చాలామందికి చదువు రాదు. ఎవరో ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. రెండో శతాబ్దం నడుమ రోములో జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు రాసినదాన్ని బట్టి, ఆదివారపు కూడికలో అపొస్తలుల జ్ఞాపకాలనో ప్రవక్తల రాతలనో సమయం ఉన్నంతసేపు చదివేవారు, ప్రసంగం ఆ తర్వాతే. తెలుగు సంఘాల్లో చాలాచోట్ల ఈ వరస తలకిందులైంది. రెండు వచనాలు చదివి గంటసేపు ప్రసంగిస్తున్నారు. మార్కు సువార్త మొత్తం పైకి చదవడానికి గంటన్నర చాలు. శ్రమదినాల కూడికల్లో ఒక సాయంత్రం ప్రసంగం పక్కన పెట్టి, నలుగురైదుగురు చదువరులు అధ్యాయాలు పంచుకుని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించవచ్చు. చివరి పన్నెండు వచనాల దగ్గరికి వచ్చాక ఒక నిమిషం ఆగి, వాటి సంగతి కూడా సంఘానికి చెప్పవచ్చు.