ఇంటిచాకిరి వ్యాయామమగునా?

2019 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన రెజీనా గుథోల్డ్, ఆమె సహచరులు కౌమారదశలోనున్న బాలబాలికల శరీరశ్రమను గూర్చి ఒక నివేదికను ప్రకటించిరి. 146 దేశములలో 11 మొదలు 17 ఏండ్ల వయస్సుగల సుమారు 16 లక్షల మంది విద్యార్థుల సమాధానములు దీనికి ఆధారము. ఈ వయస్సువారికి దినమునకు ఒక గంట చురుకైన శ్రమ అవసరము. 2016వ సంవత్సరపు లెక్క ప్రకారము నూటికి 81 మంది అంత శ్రమ చేయుట లేదు. బాలురలో ఈ సంఖ్య 78, బాలికలలో 85. ప్రపంచమంతటను ఈ వయస్సువారి పోకడలను ఒకచోట చూపిన మొదటి నివేదిక ఇదే. ఆ మేరకు దీని విలువ గొప్పది.

అయితే భారతదేశమునకు సంబంధించిన భాగమును ఉపాధ్యాయులు నిదానించి చదువవలెను. శ్రమ చాలనివారి సంఖ్య తక్కువగానున్న దేశములలో బంగ్లాదేశముతోపాటు భారతదేశమును చేరినది. ఆ "తక్కువ" అనునది నూటికి సుమారు 74! బాలుర విషయమున క్రికెట్టు వంటి ఆటలపై మక్కువయు, బాలికల విషయమున ఇంటిపనుల భారమును ఇందుకు కారణములు కావచ్చునని నివేదిక ఊహించినది. అనగా కుమారుడు ఆడుటచేతను, కుమార్తె చాకిరి చేయుటచేతను ఒకే పట్టికలో మెరుగనిపించుకొనుచున్నారు. ఈ రెండింటిని ఒకే గడిలో చేర్చుట సమంజసమా?

గుండెకు బిందె అనియు, బంతి అనియు భేదము లేదు. నీళ్లబిందెతో మెట్లెక్కు బాలికకును, బంతి వెంట పరుగెత్తు బాలునికిని నాడి వేగము హెచ్చును; కండరములు ఎక్కువ ప్రాణవాయువును కోరును. కావున బరువైన ఇంటిపనిని లెక్కించుట తప్పు కాదు. కాని విసరుట, పట్టుట, దూకుట, గురిచూచుట అను నేర్పులు బిందె మోయుటవలన అబ్బవు; అభ్యాసము కావలెను. సాయంకాలము చెల్లెలిని ఎత్తుకొని, అంట్లు తోముకొను బాలికకు ఆ అభ్యాసము దొరకదు. ఆటస్థలములో ఆమె తడబడును. తోటివారు నవ్వుదురు. "నాకు ఆటలు రావు" అని ఆమె నిశ్చయించుకొనును. అవకాశము లేకపోవుట ఈ విధముగా చేతకానితనముగా రూపొందును.

ఇచ్చట మనశ్శాస్త్రము దారి చూపగలదు. అమెరికా దేశపు శాస్త్రజ్ఞురాలు సుసాన్ హార్టర్ 1985లో ప్రకటించిన కొలమానము, పిల్లలకు తమను గూర్చిగల భావమును చదువు, స్నేహము, ఆటల నేర్పు, రూపము, నడవడి అను శాఖలుగా విడదీసి కొలుచును. తన మొత్తపు విలువను గూర్చిన భావమును వేరుగా కొలుచును. ఆ మొత్తపు భావముతో మిక్కిలి దగ్గరి సంబంధము గలది రూపమును గూర్చిన తలంపే యని పరిశోధనలలో తేలినది. దేహము మారుచుండు ఈ వయస్సులో లావుపాటి బాలుడు డ్రిల్లు గంటలో వెనుక వరుస వెదకుకొనుటకు సోమరితనమే కారణమనుకొనరాదు. నలుగురి కంటబడుదునను జంకు కావచ్చును. జాక్విలిన్ ఎకల్స్ పరిశోధనలు మరియొక సంగతిని తెల్పినవి. ఆటల ప్రజ్ఞ కుమారులకే హెచ్చని తల్లిదండ్రులు తలంతురు. ఆ తలంపు క్రమముగా పిల్లల స్వంత అంచనాలో చేరును. "ఎండలో నల్లబడుదువు, ఇంట నుండుము" అను మాట ఒకే దెబ్బతో ఆటనేకాక రూపమును గూర్చిన నమ్మకమును కూడ తాకును.

ఈ దృష్టితో చూచినచో నివేదికలో రెండు లోపములు కానవచ్చును. మొదటిది, శ్రమ ఎంత అని అడిగిన ప్రశ్న అది ఆటవలన వచ్చినదో, పనివలన వచ్చినదో విడదీయదు. అందుచేత ఇంటిపనులను గూర్చిన ఊహను ఆ లెక్కలతోనే పరీక్షించుటకు వీలులేదు. పైగా తనను బలహీనునిగా భావించువాడు తన శ్రమను తక్కువగా చెప్పుటయు, మెప్పు కోరువాడు ఎక్కువగా చెప్పుటయు సంభవము. రెండవది, లెక్కలోనికి వచ్చినవారందరు బడికి పోవువారే. ఇంటిపనులకై బడి మానిన బాలికలు, అనగా ఆ భారమును అందరికంటె ఎక్కువగా మోయువారు, ఇందులో లేనేలేరు.

ఉపాధ్యాయులు ఈ కొరతను తమ తరగతి మేరకు తీర్చవచ్చును. నిన్న ఎంతసేపు ఆడితివి, ఎంతసేపు పని చేసితివి, ఏది ఇష్టముతో చేసితివి అని మూడు ప్రశ్నలు విడివిడిగా వేయవలెను. జట్లను నాయకులు అందరి ఎదుట ఏరుకొను పద్ధతిని మాని, వరుసలో అంకెలు చెప్పించి విభజింపవలెను; అప్పుడు చివరివరకు మిగిలిపోవు అవమానము ఎవరికిని ఉండదు. ఒకరి పరుగును మరియొకరి పరుగుతో గాక, గతమాసపు తన పరుగుతోనే పోల్చవలెను. పరీక్షలు సమీపించినను డ్రిల్లు గంటను లెక్కల పాఠమునకు అప్పగింపరాదు. ఇంటిలో ఆటకు తీరికలేని బాలికకు వారములో ఆ ఒక్క గంటయే మిగిలియుండవచ్చును.